బొబ్బిలి దొరక్కపోతే ప్రోగ్రాం ఎందుకు పడిపోవాలి?

ప్రశ్న: అక్కా, మాది చీపురుపల్లి పక్కన పల్లెటూరు, విజయనగరంలో బీటెక్ సెకండ్ ఇయర్ చదువుతున్నాను. డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్‌కి ఒక లింక్డ్ లిస్ట్ (ఒక్కో నోడ్ తన తర్వాతి నోడ్ ఎక్కడుందో గుర్తుపెట్టుకునే లిస్ట్) ప్రోగ్రాం రాశాను. విజయనగరం నుంచి పలాస దాకా రైల్వే స్టేషన్లు ఒక్కో నోడ్‌లో ఉంటాయి. నిమిషాలు, స్టేషన్ పేరు అడిగి, ఆ స్టేషన్ వెతికి, రైలు అక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలో మార్చి, చివర్లో లిస్ట్ మొత్తం ప్రింట్ చేస్తుంది. కాలేజీలో డాస్‌బాక్స్‌లో (పాత డాస్‌ని అనుకరించే ప్రోగ్రాం) టర్బో సీ అనే పాత కంపైలర్ మీద శ్రీకాకుళం రోడ్‌కి నిమిషాలు మార్చి చూపించాను. నడిచింది గానీ బయటికి వచ్చేటప్పుడు "నల్ పాయింటర్ అసైన్‌మెంట్" అని ఒక లైన్ పడింది. అడిగితే, ఔట్‌పుట్ వస్తోంది కదా, దాన్ని వదిలెయ్ అన్నారు. ఇంటికొచ్చి ఉబుంటులో జీసీసీతో నడిపి, దొరికిన పేరు చూపించే ప్రింట్ లైన్ ఒకటి చేర్చి, ఊరికే బొబ్బిలి అని కొట్టాను. "దొరికిన స్టేషన్: (నల్)" అని వచ్చి వెంటనే "సెగ్మెంటేషన్ ఫాల్ట్" అంది. సీనియర్ ఒకాయన ప్రతి ఫంక్షన్ మొదట్లో నల్ అయితే రిటర్న్ అని పెట్టేయమన్నాడు. పెట్టాక పడిపోవడం ఆగింది, కానీ శ్రీకాకుళం రోడ్‌కి నిమిషాలు మారట్లేదు. ఇంకొకరేమో అన్ని పాయింటర్లకీ ముందే నల్ పెట్టు, ఫ్రీ చేశాక (తీసుకున్న మెమరీ వెనక్కిచ్చాక) కూడా నల్ పెట్టు అంటున్నారు. అసలు ఎక్కడ చెక్ చెయ్యాలి, ఎక్కడ అక్కర్లేదు? ఎక్స్‌టర్నల్ ల్యాబ్ పరీక్ష దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

సమాధానం: తమ్ముడూ, కోడ్ మొత్తం అతికించి పంపావు కాబట్టి బతికిపోయాను, లేకపోతే ఇలాంటివి ఊహించి చెప్పడం కష్టం. ఇక్కడ కోడ్ ముక్కల్ని తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను, నీ ఎడిటర్‌లో మామూలుగా కొట్టుకో.

ముందు బొబ్బిలి సంగతి. నీ లిస్ట్‌లో విజయనగరం, నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, పొందూరు, శ్రీకాకుళం రోడ్, తిలారు, కోటబొమ్మాళి, నౌపడ, పూండి, పలాస ఉన్నాయి. బొబ్బిలి రాయగడ వైపు వెళ్ళే లైన్ మీద ఉంది కాబట్టి ఈ లిస్ట్‌లో లేదు, ఉండకూడదు కూడా. నీ వెతుకు ఫంక్షన్ చివరి దాకా వెళ్ళి, లేదని నల్ (ఏ చోటునీ చూపించని పాయింటర్) తిరిగిచ్చింది. అంటే అది తన పని చక్కగా చేసింది. ఆ తర్వాత నువ్వు రాసిన రెండు లైన్లు చూడు:

స్టేషన్ *ఎస్ = వెతుకు(తల, పేరు);
ఎస్->నిమిషాలు = ని;

వెతుకు "లేదు" అని చెప్పింది, నువ్వు ఆ జవాబు వినకుండానే లేని స్టేషన్‌కి నిమిషాలు రాశావు. గొడవంతా ఈ రెండు లైన్ల మధ్య ఉంది. నల్ అనేది రోగం కాదు, ఒక జవాబు. ఈ ఒక్కటీ పట్టుకుంటే నువ్వు అడిగిన మిగతా ప్రశ్నలన్నిటికీ దారి దొరుకుతుంది.

మరి ల్యాబ్‌లో ఎందుకు నడిచిందీ అంటే, డాస్‌లో అడ్డుకునేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి. టర్బో సీ మామూలుగా స్మాల్ మోడల్‌లో కంపైల్ చేస్తుంది. అందులో పాయింటర్ అంటే డేటా సెగ్మెంట్ మొదటి నుంచి ఎంత దూరం అన్న అంకె, అంతే. నల్ అంటే సున్నా, అంటే సరిగ్గా ఆ సెగ్మెంట్ మొదలు. అక్కడ నీ డేటా ఏదీ పెట్టకుండా టర్బో సీ తయారుచేసిన బోర్లాండ్ వాళ్ళు తమ కాపీరైట్ వాక్యాన్ని పెట్టుకున్నారు. ప్రోగ్రాం ముగిసేటప్పుడు ఆ బైట్లన్నీ కూడి చూస్తారు, మొత్తం తేడా వచ్చిందంటే మధ్యలో ఎవరో అక్కడ రాశారని అర్థం, అప్పుడు ఆ లైన్ ప్రింట్ చేస్తారు. కాబట్టి ఆ మెసేజ్ చివర్లో పడినా తప్పు జరిగింది చివర్లో కాదు, ఎప్పుడో ముందు. ఏ లైన్లో అన్నది దానికీ తెలీదు. ఇంకో సంగతి, అది రాతను మాత్రమే పట్టుకుంటుంది. నల్ నుంచి చదివి ఊరుకుంటే కాపీరైట్ వాక్యం చెక్కుచెదరదు, మెసేజూ రాదు, నీ చేతికి చెత్త వాల్యూ వస్తుంది. పెద్ద మోడల్‌లో కంపైల్ చేస్తే ఇంకా ఘోరం: అక్కడ నల్ అంటే మెషీన్ మెమరీలో అసలైన సున్నా చోటు, డాస్‌లో అక్కడ ఇంటరప్ట్ వెక్టర్ టేబుల్ (ఏ ఇంటరప్ట్ వస్తే ఏ కోడ్ నడవాలో చెప్పే పట్టిక) ఉంటుంది, నువ్వు దాని మీద రాసేస్తావు, పైగా ఏ మెసేజూ ఉండదు.

అందుకని "ఔట్‌పుట్ వస్తోంది కదా" అన్న మాటను వదిలెయ్. అన్నవాళ్ళని తప్పు పట్టడానికి కాదు, ఒక ల్యాబ్‌లో అంతమంది పిల్లల రికార్డులు చూసేవాళ్ళకి అది రోజూ కనిపించే లైన్, అలవాటైపోయి ఉంటుంది. కానీ ఆ రోజు నీ ఔట్‌పుట్ నిజంగా వచ్చిందా? లిస్ట్ ప్రింట్ అయింది, అందులో శ్రీకాకుళం రోడ్ ఎదురుగా నిమిషాలు మారాయో లేదో ఎవరైనా చూశారా? మారి ఉండవు. ఎందుకో కింద చెప్తాను.

ఉబుంటులో కథ వేరు. అక్కడ ప్రతి ప్రాసెస్‌కీ సున్నా దగ్గరి మెమరీ పేజీని కర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో అసలు భాగం) ఖాళీగా వదిలేస్తుంది, మామూలుగా మొదటి 65536 బైట్లలో ఎవరూ ఏదీ పెట్టుకోకూడదు. నువ్వు అక్కడ ముట్టుకోగానే ప్రాసెసర్ కర్నెల్‌కి చెప్తుంది, కర్నెల్ నీ ప్రోగ్రాంకి 11వ నంబరు సిగ్నల్ పంపి అక్కడికక్కడే ఆపేస్తుంది. షెల్‌లో ఎగ్జిట్ కోడ్ చూస్తే 139 కనిపిస్తుంది, అంటే 128కి ఈ 11 కలిపితే వచ్చినది. దీన్ని చూసి భయపడతారు గానీ, తప్పు చేసిన లైన్లోనే చెయ్యి పట్టుకోవడం ఎంత మేలో కొన్నాళ్ళకి నీకే తెలుస్తుంది.

నీ ప్రింట్ లైన్ "(నల్)" అని ఎందుకు అందో కూడా చూద్దాం, ఇది కాస్త తమాషాగా ఉంటుంది. నీ స్ట్రక్చర్‌లో మొదటిది 20 అక్షరాల పేరు, తర్వాత నిమిషాలు, తర్వాత పక్క నోడ్ పాయింటర్. పేరు మొదట్లోనే ఉంది కాబట్టి ఎస్ నల్ అయితే పేరు అడ్రసు కూడా సున్నాయే. ప్రింట్‌ఎఫ్ చేతికి స్ట్రింగ్ బదులు నల్ అందింది. ఉబుంటులో ఉండే సీ లైబ్రరీ పోనీలే అని "(నల్)" అని రాసి పెడుతుంది. సీ స్టాండర్డ్ ప్రకారం అలా రాయాలని ఎక్కడా లేదు. అదే లైన్‌ని నువ్వు వేరే మాటలేవీ లేకుండా, ఒక స్ట్రింగూ ఒక న్యూలైనూ మాత్రమే ప్రింట్ చేసేలా రాసి ఉంటే జీసీసీ దాన్ని పుట్స్‌గా మార్చేసే అవకాశం ఎక్కువ, ఆ పుట్స్ ఈ దయ చూపించదు, అక్కడే పడిపోయేది. ప్రింట్‌లతో తప్పు వెతికేటప్పుడు ఇంకోటి గుర్తుంచుకో. చివర న్యూలైన్ లేకపోతే ఆ ముక్క బఫర్‌లోనే ఉండిపోతుంది, ప్రోగ్రాం పడిపోతే స్క్రీన్ మీదికి రాదు, నువ్వేమో తప్పు ఆ ప్రింట్ కన్నా ముందే జరిగిందనుకుని వేరే చోట వెతుక్కుంటూ కూర్చుంటావు.

ప్రింట్‌ల కన్నా సుఖమైన దారి ఉంది. జీసీసీకి హైఫన్ జీ పెట్టి, దానితో పాటు హైఫన్ ఎఫ్‌శానిటైజ్ ఈక్వల్స్ అడ్రస్ కామా అన్‌డిఫైన్డ్ అన్న ఆప్షన్ కూడా ఇచ్చి కంపైల్ చెయ్యి. అప్పుడు పడిపోయినప్పుడు ఫైలు పేరు, లైన్ నంబరు, ఏ అడ్రసు ముట్టుకున్నావో అన్నీ చెప్తుంది. నీ ప్రోగ్రాంలో ఆ అడ్రసు హెక్సాలో 14 అని వస్తుంది, అంటే మన లెక్కలో 20. అంత చిన్న అడ్రసు కనిపించిందంటే ఇంకేం ఆలోచించక్కర్లేదు: ఏదో స్ట్రక్చర్ పాయింటర్ నల్ అయింది, దానిలో 20వ బైట్ దగ్గర ఉన్న మెంబర్‌ని ముట్టుకున్నావు. పేరు 20 బైట్లు, దాని పక్కనే నిమిషాలు. లెక్క సరిపోయిందా?

ఇప్పుడు సీనియర్ సలహా సంగతి. ప్రతి ఫంక్షన్ మొదట్లో నల్ అయితే రిటర్న్. నాకు ఈ సలహా మీద పెద్ద కోపం, ఎందుకంటే మంచి అలవాటులా కనిపిస్తుంది, పైగా ఇచ్చినవాళ్ళు నిజంగా మేలు కోరే ఇస్తారు. నీ ప్రోగ్రాంలో అది ఏం చేసిందో చూడు. నువ్వు పేరు చదవడానికి స్కాన్‌ఎఫ్ పర్సెంట్ ఎస్ వాడావు. అది ఖాళీ కనిపించగానే ఆగిపోతుంది. నీ లిస్ట్‌లో రెండు మాటల పేరు ఒక్కటే ఉంది, శ్రీకాకుళం రోడ్. యూజర్ శ్రీకాకుళం రోడ్ అని కొడితే నీ చేతికి వచ్చింది శ్రీకాకుళం. లిస్ట్‌లో అలాంటి స్టేషన్ లేదు, ఆమదాలవలసలో ఉన్న స్టేషన్ పేరే శ్రీకాకుళం రోడ్ కదా. వెతుకు నల్ ఇచ్చింది. సీనియర్ పెట్టించిన ఇఫ్ దాన్ని చూసి కిమ్మనకుండా వెనక్కి వచ్చేసింది. నువ్వు పేరు చివర్లో అడుగుతున్నావు కాబట్టి మిగిలిపోయిన రోడ్ అన్న ముక్క కూడా ఎవరికీ తగల్లేదు. ల్యాబ్‌లో ఆ మెసేజ్ పడటానికి కారణమూ ఇదే. అసలు తప్పు స్కాన్‌ఎఫ్‌ది, దాన్ని పట్టించగలిగిన క్రాష్‌ని ఆ ఇఫ్ తీసేసింది. పడిపోయే ప్రోగ్రాం కన్నా తప్పు చేసి ఏమీ ఎరగనట్టు ఉండే ప్రోగ్రాం ప్రమాదం, ఇది రిజర్వేషన్ లెక్కో బ్యాంకు లెక్కో అయి ఉంటే ఏటైపోయేదో ఆలోచించు.

మరి ఎక్కడ చెక్ చెయ్యాలి? ప్రతి పాయింటర్ దగ్గరా నిన్ను నువ్వు ఒక ప్రశ్న వేసుకో: ఇక్కడ ఇది నల్ అవ్వడానికి న్యాయమైన కారణం ఉందా? ఉంటే, ఆ జవాబు చేతికి అందిన చోటే చూడాలి, చూసి ఏదో ఒకటి చెయ్యాలి, ఊరికే వెనక్కి రాకూడదు. వెతుకు నల్ ఇవ్వడం న్యాయం, యూజర్ ఏ పేరైనా కొట్టొచ్చు. కాబట్టి నీ మెయిన్‌లో ఇలా ఉండాలి:

ఇఫ్ (ఎస్ == నల్) {
    ఆ పేరుతో స్టేషన్ లేదని పేరుతో సహా ప్రింట్ చెయ్యి, మళ్ళీ అడుగు
} ఎల్స్ {
    నిమిషాలు_మార్చు(ఎస్, ని);
}

పేరుతో సహా అన్నది ఊరికే అనలేదు. "శ్రీకాకుళం అనే స్టేషన్ లేదు" అని స్క్రీన్ మీద పడి ఉంటే రోడ్ ఏమైపోయిందని నువ్వు ఆ క్షణమే అడిగేవాడివి.

నిమిషాలు_మార్చు లోపలికి వచ్చాక మాత్రం కారణం లేదు. ఎవరైనా దానికి నల్ పంపారంటే పిలిచినవాడిది తప్పు. అక్కడ ఇఫ్ వద్దు, అసర్ట్ పెట్టు: అసర్ట్(ఎస్ != నల్). తప్పు జరిగితే ఫైలు, లైన్ చెప్పి అక్కడే ఆపుతుంది. ఎన్‌డీబగ్ అని డిఫైన్ చేస్తే అసర్ట్‌లన్నీ మాయమైపోతాయి కాబట్టి యూజర్ ఇచ్చే ఇన్‌పుట్‌ని అసర్ట్‌తో చెక్ చెయ్యకు, అది వేరే. నీ ఫంక్షన్ పైన ఒక కామెంట్ రాయి, "ఎస్ నల్ కాకూడదు" అని, అదే నువ్వు పిలిచేవాళ్ళతో చేసుకునే ఒప్పందం.

బయటి నుంచి నల్ వచ్చే చోట్లు నీ సిలబస్‌లో చాలానే ఉన్నాయి. ఎఫ్‌ఓపెన్ ఫైలు తెరుచుకోకపోతే నల్ ఇస్తుంది. ఎఫ్‌గెట్స్ ఇన్‌పుట్ అయిపోతే నల్. స్ట్ర్‌సీహెచ్ఆర్, స్ట్ర్‌స్ట్ర్ వెతికింది దొరక్కపోతే నల్, స్ట్ర్‌టాక్ ముక్కలు అయిపోతే నల్. మాలాక్ మెమరీ దొరక్కపోతే నల్. ఈ మాలాక్ గురించి పిల్లలు అడుగుతుంటారు, ఎప్పుడూ ఫెయిల్ అవ్వదు కదా, చెక్ ఎందుకూ అని. ఉబుంటులో చిన్న ప్రోగ్రాం అయితే నిజంగానే అరుదు. కానీ మీ ల్యాబ్‌లోని స్మాల్ మోడల్‌లో గ్లోబల్ డేటా, స్టాక్, హీప్ మూడూ కలిపి 64 కేబీలోనే సర్దుకోవాలి, లూప్‌లో నోడ్లు పెట్టుకుంటూ పోతే చాలా తొందరగా నల్ చూస్తావు. సున్నా బైట్లు అడిగితే ఇంకో చిక్కు ఉంది, మాలాక్ నల్ ఇవ్వొచ్చు, లేదా వాడకూడని ఒక పాయింటర్ ఇవ్వొచ్చు, రెండూ స్టాండర్డ్‌కి సమ్మతమే. కాబట్టి సైజు సున్నా అయ్యే వీలుంటే దాన్ని ముందే చూసుకో.

చెక్ పెట్టడమే కాదు, ఎక్కడ పెట్టామన్నది కూడా ముఖ్యం. నీ తొలగించు ఫంక్షన్‌లో ఇలా ఉంది: మొదటి లైన్లో పి->తర్వాతని ఒక వేరియబుల్‌లోకి తీసుకున్నావు, రెండో లైన్లో పి నల్ అవునా అని చూశావు. చాలామందికి ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది, ఎలాగూ చూశాం కదా అని. నల్ పాయింటర్‌ని తెరిచి చూడటం సీలో అన్‌డిఫైన్డ్ బిహేవియర్, అంటే ఏం జరుగుతుందో స్టాండర్డ్ ఏ మాటా ఇవ్వదు, క్రాష్ అవుతుందని కూడా ఇవ్వదు. కంపైలర్ దీన్ని ఇలా వాడుకుంటుంది: మొదటి లైన్లో పి లోపల చూశాడు, చూశాడంటే పి నల్ అయ్యే ప్రసక్తి లేదు, కాబట్టి రెండో లైన్లోని చెక్ దండగ, తీసెయ్. ఆప్టిమైజేషన్ ఆన్ చేసినప్పుడు నిజంగానే తీసేస్తుంది. 2009లో లినక్స్ కర్నెల్‌లోనే ఇది జరిగింది. టన్ అనే నెట్‌వర్క్ డ్రైవర్‌లో ముందు పాయింటర్ లోపల మెంబర్ తీసుకుని, తర్వాతి లైన్లో నల్ చెక్ చేశారు, జీసీసీ ఆ చెక్‌ని ఎత్తేసింది, దాంతో సిస్టమ్‌ని మొత్తం చేతిలోకి తీసుకోగలిగే భద్రతా లోపం బయటపడింది. ఆ తర్వాత నుంచి కర్నెల్‌ని ఇలాంటి చెక్‌లు తీసెయ్యొద్దని ప్రత్యేకంగా ఆప్షన్ ఇచ్చి కంపైల్ చేస్తున్నారు. అంత తలపండినవాళ్ళ కోడ్‌లో జరిగింది మన ల్యాబ్ రికార్డులో జరగదా! నీ రెండు లైన్లూ తారుమారు చెయ్యి, అంతే.

లూప్ కండిషన్ కూడా ఇదే కోవలోది. వైల్ (పి->తర్వాత != నల్) అని రాశావు. లిస్ట్‌లో ఒక్క స్టేషన్ కూడా లేనప్పుడు తల నల్ కాబట్టి మొదటి అడుగులోనే పడిపోతుంది. ఎక్స్‌టర్నల్ వచ్చినవాళ్ళు ఖాళీ లిస్ట్ ఇచ్చి చూడటం చాలా మామూలు. వెతకడానికి వైల్ (పి != నల్) చాలు. రెండు కండిషన్లు కలపాలంటే ముందు పి != నల్, ఆ తర్వాతే అండ్ అండ్, ఆ తర్వాత పి->పేరు పోలిక. ఎడమది తప్పయితే కుడి వైపు చూడనే చూడదు అన్నది సీ ఇచ్చిన గట్టి మాట. తిప్పి రాస్తే ఆ మాట నీకు ఉపయోగపడదు.

పాయింటర్లకి ముందే నల్ పెట్టడం, ఫ్రీ చేశాక నల్ పెట్టడం గురించి అడిగావు. పాయింటర్‌ని డోర్ నంబరు రాసిన చీటీ అనుకో. నల్ అంటే చీటీ మీద "ఇల్లు లేదు" అని స్పష్టంగా రాసి ఉండటం. ఏమీ పెట్టకుండా వదిలేసిన లోకల్ పాయింటర్ అంటే పాత గీతలేవో ఉన్న చీటీ, ఏ నంబరుందో ఎవరికీ తెలీదు, ఎవరింటి తలుపు కొడతావో నీకే తెలీదు, ఇఫ్ పెట్టి చూసినా లాభం లేదు, ఎందుకంటే అది నల్ కాదు. గ్లోబల్, స్టాటిక్ పాయింటర్లకి ఈ బాధ లేదు, అవి నల్‌తోనే మొదలవుతాయి. ఫ్రీ చేసిన పాయింటర్ అంటే ఇల్లు కూల్చేశారు, చీటీ మీద నంబరు అలాగే ఉంది. ఫ్రీ నీ వేరియబుల్‌ని ముట్టుకోదు, ముట్టుకోలేదు కూడా, దానికి అందేది వాల్యూ కాపీ మాత్రమే.

కాబట్టి ముందే నల్ పెట్టమన్నది సగం మంచి సలహా. వేరియబుల్‌కి అక్కడే అసలు వాల్యూ ఇవ్వగలిగితే అదే ఇవ్వు, డిక్లేర్ చేసిన చోటే వెతుకుని పిలువు. గుడ్డిగా అన్నిటికీ నల్ పెడితే, ఒక దారిలో నువ్వు వాల్యూ ఇవ్వడం మర్చిపోయావని హెచ్చరించే అవకాశం కంపైలర్‌కి పోతుంది. వార్నింగ్‌లన్నీ ఆన్ చేసి కంపైల్ చేస్తే ఇలాంటివి కంపైలరే చాలావరకు చెప్తుంది. ఇంకా ఇల్లు లేదు, తర్వాత రావొచ్చు అన్న చోట మాత్రం నల్‌తో మొదలుపెట్టు, తల లాంటివి.

ఫ్రీ తర్వాత నల్ విషయంలో కూడా అంతే. ఆ వేరియబుల్ ఇంకా బతికుండి, తర్వాత ఎవరైనా చూసే వీలుంటే పెట్టు, లిస్ట్ మొత్తం ఖాళీ చేశాక తల = నల్ తప్పనిసరి. ఫంక్షన్ ముగిసిపోతున్న చోట లోకల్ పాయింటర్‌కి పెట్టినా పెట్టకపోయినా ఒకటే. అసలు ప్రమాదం అదే నంబరున్న రెండో చీటీతో వస్తుంది. చీపురుపల్లి నోడ్‌ని ఫ్రీ చేసి ఆ పాయింటర్‌కి నల్ పెట్టేశావు సరే, గరివిడి నోడ్‌లోని తర్వాత ఇంకా పాత చోటునే చూపిస్తోంది. ముందు గరివిడిని పొందూరుకి కలిపి, ఆ తర్వాత ఫ్రీ చెయ్యాలి. నీ తొలగించులో ఇది సరిగ్గానే ఉంది, లిస్ట్ ఖాళీ చేసే లూప్‌లో మాత్రం ఫ్రీ చేశాక పి->తర్వాత చదువుతున్నావు. టర్బో సీలో అదృష్టం కొద్దీ పాత వాల్యూ ఉండి నడుస్తుంది. ముందే దాచుకుని తర్వాత ఫ్రీ చెయ్యి. ఇఫ్ నల్ కాకపోతే ఫ్రీ అని రాశావు చూడు, ఆ ఇఫ్ తీసెయ్యొచ్చు, ఫ్రీకి నల్ ఇస్తే ఏమీ చెయ్యదు, ఇది స్టాండర్డ్‌లోనే ఉంది. రీఅలాక్ (తీసుకున్న మెమరీ సైజు మార్చే ఫంక్షన్) వాడినప్పుడు ఫలితాన్ని అదే వేరియబుల్‌లోకి తీసుకోకు. మెమరీ దొరక్కపోతే నల్ వస్తుంది, పాత బ్లాక్ అలాగే ఉంటుంది, దాని చీటీ మీద నువ్వే "లేదు" అని రాసేసుకున్నట్టు అవుతుంది. వేరే వేరియబుల్‌లోకి తీసుకుని, చూసి, అప్పుడు మార్చు.

వైవాలో అడిగే చిల్లర ప్రశ్నలు కొన్ని. సోర్స్ కోడ్‌లో పాయింటర్ ఉండాల్సిన చోట 0 రాసినా నల్ రాసినా ఒకటే అర్థం, చదివేవాడి కోసం నల్ రాయి. సీ23 నుంచి నల్‌పీటీఆర్ అనే కీవర్డ్ కూడా వచ్చింది, మీ ల్యాబ్‌లోని టర్బో సీకి అది తెలీదు. మెషీన్ లోపల నల్ అన్ని బిట్లూ సున్నాగా ఉండాలని సీ స్టాండర్డ్ చెప్పదు, పాత ప్రైమ్, హనీవెల్ మెషీన్లలో సున్నా కానివి వాడారు, ఇప్పుడు నువ్వు చూసే మెషీన్లలో సున్నాయే. స్ట్రింగ్ చివర ఉండే నల్ క్యారెక్టర్ వేరు, అది ఒక బైట్, వాల్యూ సున్నా, పాయింటర్ కాదు. ఖాళీ స్ట్రింగ్‌కి కూడా ఒక చోటు ఉంటుంది, అందులో ఆ బైట్ ఉంటుంది, స్ట్ర్‌లెన్ 0 ఇస్తుంది. నల్‌ని స్ట్ర్‌లెన్‌కి ఇస్తే పడిపోతుంది. దీన్ని ఎవరు కనిపెట్టారు అని అడిగితే, ఆల్గాల్ డబ్ల్యూ భాష కోసం 1965లో నల్ రెఫరెన్స్ పెట్టింది టోనీ హోర్. ఆయనే 2009లో దాన్ని తన బిలియన్ డాలర్ల పొరపాటు అన్నాడు. సీలో అయితే నల్ లేకుండా లింక్డ్ లిస్ట్ చివర ఎలా చెప్తావు అని ఎదురు అడగకు, మార్కులు పోతాయి.

ఇక శ్రీకాకుళం రోడ్. పేరు చదవడానికి స్కాన్‌ఎఫ్ తీసేసి ఎఫ్‌గెట్స్ పెట్టు. అది నల్ ఇచ్చిందా అని చూడు, ఇస్తే ఇన్‌పుట్ అయిపోయినట్టే, లూప్ లోంచి బయటికి రా. ఎఫ్‌గెట్స్ చివర న్యూలైన్ కూడా ఇస్తుంది, అది తీసెయ్యకపోతే ఈసారి పలాస కూడా దొరకదు. నిమిషాలు స్కాన్‌ఎఫ్‌తో, పేరు ఎఫ్‌గెట్స్‌తో చదివితే ముందు కొట్టిన ఎంటర్ మిగిలిపోయి పేరు ఖాళీగా వస్తుంది, కాబట్టి రెండూ ఎఫ్‌గెట్స్‌తోనే చదివి నిమిషాల్ని ఎస్‌స్కాన్‌ఎఫ్‌తో అంకెగా మార్చు, అది 1 తిరిగిచ్చిందో లేదో కూడా చూడు. చదివే బఫర్ 20 కాకుండా 100 పెట్టు. స్టేషన్ పేర్లు ఇంగ్లీషులో కొడుతున్నావు కాబట్టి నోడ్‌లో 20 సరిపోతోంది, ఎప్పుడైనా తెలుగులో పెట్టాలనిపిస్తే యూటీఎఫ్ 8లో ఒక్కో గుర్తుకి 3 బైట్లు పడతాయి, అప్పుడు అదీ పెంచుకో.

ఇవన్నీ మార్చాక సీనియర్ పెట్టించిన ఇఫ్‌లు తీసేసి, శానిటైజర్ ఆప్షన్‌తో కంపైల్ చేసి నాలుగు ఇన్‌పుట్లు ఇవ్వు: బొబ్బిలి, శ్రీకాకుళం రోడ్, పేరు ఇవ్వకుండా ఉత్త ఎంటర్, కంట్రోల్ డి. తర్వాత లిస్ట్‌లో ఒక్క స్టేషన్ కూడా చేర్చకుండా ఒకసారి నడుపు. ఎక్కడైనా ఎర్ర అక్షరాలతో లైన్ నంబరు వస్తే, ఆ లైనూ దాని పైన ఐదారు లైన్లూ పంపు, చూస్తాను. ల్యాబ్ మెషీన్లో కూడా శ్రీకాకుళం రోడ్ ఇచ్చి చూడు, ఆ మెసేజ్ రాకూడదు. వచ్చిందంటే రాస్తున్న చోటు ఇంకొకటి ఉన్నట్టే, తొలగించులోనే మొదలుపెట్టి వెతుకు.